పసరు తాగితే సీసం పోదు

"గోళీలెందుకు సారు, నేల ఉసిరి పసరు తాగుతున్న గదా!" బెల్లంపల్లిలో నేను ఈ మాట వినని వారం ఉండదు. అనేది ఎక్కువగా పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే కుర్రాళ్ళు. ఇక్కడి గనులు ఒక్కొక్కటీ మూతపడ్డాక, తండ్రులు బొగ్గు తవ్విన ఇళ్ళలోంచి కొడుకులు ఇలాంటి పనుల్లోకి వెళ్ళారు. నేల ఉసిరి, గలిజేరు, తిప్పతీగ కలిపి నూరుకుని తాగితే కాలేయానికీ మూత్రపిండాలకూ పట్టిన లోహమంతా కడుక్కుపోతుందని ఫోన్లో ఎవరో చెప్పారట.

అది ఉత్త కట్టుకథ అయితే నాకింత బాధ ఉండదు. ఎలుకలకు నీళ్ళలో సీసం కలిపి తాగించి, కొన్నింటికి దాంతోపాటే మొక్కల సారం పట్టించి చేసిన పరిశోధనలు చాలా ఉన్నాయి. సారం తాగిన ఎలుకల అవయవాలు తక్కువ దెబ్బతిన్నాయి కూడా. అయితే ఆ ఎలుకకు విషమూ విరుగుడూ కలిసే అందాయి, అదీ కొలిచిన మోతాదులో, కొన్ని వారాలు. మా కుర్రాడు ఏళ్ళ తరబడి సీసం పొగ పీల్చి వస్తాడు. పెద్దవాళ్ళ ఒంట్లో చేరిన సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో ఉంటుంది, దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోతుంది. దాన్ని పసరు బయటికి లాగుతుందని మనుషుల్లో రుజువు కాలేదు.

పైగా పసరంటే హాని లేనిదనుకుంటారు. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. 2004లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. మోకాళ్ళ నొప్పులకని సంతలో పేరూ ఊరూ లేని భస్మం కొనుక్కునే రిటైరైన కార్మికులకు ఇది ఎన్నిసార్లయినా చెబుతాను.

సీసం కరిగించే షెడ్డులో పనిచేసే ఒకతను మెలిపెట్టే కడుపునొప్పితో వచ్చాడు. ఒళ్ళంతా పాలిపోయి ఉంది. చిగుళ్ళ అంచున నీలి గీత, కుడి మణికట్టు వాలిపోయింది. రక్తంలో సీసం తేలింది. హైదరాబాదుకు పంపాం, సీసాన్ని మూత్రంలోకి వెళ్ళగొట్టే మందు ఇచ్చారు, నొప్పి తగ్గింది. తగ్గగానే మందు మానేసి, పసరు పట్టుకుని అదే షెడ్డుకు వెళ్ళాడు. గట్టిగా కేకలేశాను. "పని బంద్ చేస్తే ఇల్లెట్ల గడుస్తది సారు?" అన్నాడు.

నా కోపం అక్కడ ఆగిపోయింది. అతను తెలివితక్కువవాడు కాదు. మేమిచ్చే మందు పని మానితేనే పనిచేస్తుంది. పసరు అమ్మేవాడు ఆ షరతు పెట్టడు.

పక్కనే అతని భార్య, చంకలో మూడేళ్ళ బిడ్డ. "వీనికి సుత రోజూ ఒక చెంచా పోస్తున్న సారు" అంది ధీమాగా. తండ్రి బట్టల మీది దుమ్ము ఆ బిడ్డ నోట్లోకి పోతుంది. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్ళు పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. చదువు, మాట, ఎదుగుదల అన్నీ దెబ్బతింటాయి. బిడ్డకు పసరు ఆపించి, రక్తపరీక్షకు రాశాను. పాలు, గుడ్డు పెట్టమన్నాను. షెడ్డు బట్టలు షెడ్డులోనే విప్పి, తలస్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవాలని తండ్రికి చెప్పాను. పొగ లాగే ఫ్యాను, సరైన మాస్కు, కొన్నాళ్ళు సీసం జోలికి పోని వేరే పని ఇమ్మని యజమానిని అడగడానికి అతనికి ధైర్యం లేదు. నేనే వెళ్ళి మాట్లాడతానన్నాను.