ఎంజైమ్‌ని ఆపి చూస్తే ఏం తెలుస్తది?

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మా బయోకెమిస్ట్రీ క్లాసులో ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ పాఠం అవుతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు "మీ ఇప్పసారా వాళ్ళకి ఇది ఎక్కువుంటది కదా" అన్నడు. అందరూ నవ్విండ్రు. సెమినార్‌కి నేను ఆ ఎంజైమ్‌నే అడిగి తీసుకున్న. చదివింది మీకూ చెప్తున్న.

మనిషి ఎవరైనా కాలేయంలో ఇది ఉంటుంది. సారాలోని ఆల్కహాల్‌ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. శాస్త్రవేత్తలు చాలాకాలం పరీక్షించింది గుర్రం కాలేయంలోని ఎంజైమ్‌ని. అందులో రెండు గొలుసులు, ఒక్కోదాంట్లో 374 అమైనో ఆమ్లాలు. ఇన్నింటిలో అసలు పని జరిగే చోటు ఏది? ఒక చోటికి రసాయనం అతికించి, పని ఆగుతదా లేదా చూశారు.

అయోడోఎసిటేట్ అనే రసాయనం సిస్టీన్‌లోని గంధకానికి అతుక్కుంటుంది. గొలుసుకి 14 సిస్టీన్లు ఉన్నా, ముందు 46వ స్థానంలో ఉన్నదాన్నే పట్టింది. ఎంజైమ్ పని ఆగింది.

అయితే 46 దగ్గరే పని జరుగుతదని అనొచ్చా? పిండిమర బెల్టు తీసినా ఆగుతది, కరెంటు తీసినా ఆగుతది. ఆగిందని బెల్టే పిండి చేస్తదని అనం కదా. అందుకే ఇంకో పరీక్ష. ఎంజైమ్‌కి తోడుగా పనిచేసే ఎన్ఏడీహెచ్‌ని ముందే కలిపి, తర్వాత అయోడోఎసిటేట్ వేశారు. ఈసారి ఎంజైమ్ చాలావరకు కాపాడబడింది. అంటే రెండూ చేరే జాగా ఒకటే, లేదా పక్కపక్కనే.

1970లలో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎక్స్-రేలతో ఎంజైమ్ ఆకారం తేల్చారు. అక్కడ ఒక జింక్ పరమాణువు ఉంది. 46, 174 సిస్టీన్లు, 67వ హిస్టిడిన్ దాన్ని పట్టుకొని ఉన్నాయి. ఆల్కహాల్ వచ్చి చేరేది ఆ జింక్ దగ్గరికే.

ఇది మనకెందుకంటే, కల్తీ సారాలో మిథనాల్ ఉంటే దాన్ని విషంగా మార్చడం మొదలుపెట్టేది ఇదే ఎంజైమ్. చివరికి ఫార్మిక్ ఆమ్లం తయారై చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఫోమెపిజోల్ అనే మందు ఈ ఎంజైమ్‌ని తాత్కాలికంగా ఆపుతుంది. ఊళ్ళో ఎవరికైనా తాగాక చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే పెద్దాస్పత్రికి తీసుకుపోండి.

సెమినార్‌లో ఇవన్నీ చెప్పిన. ఒక్క గుర్తు చూసి ఎంజైమ్ గురించే తీర్పు చెప్పలేనప్పుడు, ఒక్క ఇప్పసారా చూసి మా జాతి గురించి ఎట్ల చెప్తరని కూడా అడిగిన. ఆ రోజు ఎవరూ నవ్వలే.

సైన్స్ తీసుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, 46 అనే అంకె మర్చిపోయినా పర్లేదు. పిండిమర ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు. జై ఆదివాసీ.