చేతికీ ఒక లెక్కుంది

మా దుత్తలూరు వైపు పిల్లాడు చేయి నొప్పంటే ఇలాజ్ మూడు రకాలు. అమ్మీ బామ్ రాస్తుంది. అబ్బా మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ళ తెస్తాడు. రెండూ పనిచేయకపోతే నానీ "పుత్తూరు కట్టు కట్టించండి బేటా" అంటుంది. నొప్పి ఎందుకొచ్చిందని మాత్రం ఎవరూ అడగరు.

మా ఆపా కొడుక్కి పద్నాలుగేళ్ళు. క్రికెట్ అంటే జాన్. వాడి బౌలింగ్ కంటే త్రో మషూర్. బౌండరీ దగ్గర్నుంచి విసిరితే నేరుగా కీపర్ చేతిలో పడుతుంది. కొన్నాళ్ళుగా కుడి మోచేతి లోపలివైపు దర్ద్. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో ఇంట్లో చెప్పలేదు. అన్నం ముద్ద ఎత్తుతూ మొహం చిట్లిస్తుంటే ఆపా కనిపెట్టింది.

నెల్లూరులో ఎముకల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన ముందుగా ఎక్స్‌రే రాయలేదు. "రోజుకి ఎన్ని బంతులు విసురుతావు బాబూ?" అని అడిగారు. వాడు లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. పెద్ద కుర్రాళ్ళ బ్యాటింగ్ ప్రాక్టీసుకి వాడు విసిరేవే రోజూ వందకు పైమాట! తర్వాత మోచేతి లోపలి ఎముక మీద వేలితో నొక్కారు. ముంజేతిని బయటివైపుకి మెల్లగా వంచి చూశారు. రెండు భుజాలూ ఎంతెంత తిరుగుతున్నాయో పోల్చారు. అప్పుడు రెండు చేతులకీ ఎక్స్‌రే తీయించారు.

బౌలింగ్‌లో మోచేయి దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి భారం భుజం మీద, నడుం మీద పడుతుంది. విసిరేటప్పుడు మోచేయి మడిచి కొరడాలా ఝళిపిస్తాం. లోపలివైపు కీలుని పట్టి ఉంచే లిగమెంట్ బలంగా సాగుతుంది. పెద్దవాళ్ళకి ఆ లిగమెంటే తెగుతుంది. ఎదిగే పిల్లలకి అంతకంటే నాజూకైనది ఎముక చివరి లేత భాగం, ముందు అదే దెబ్బతింటుంది. మావాడికి అయింది ఇదే.

ఈ తక్లీఫ్ బాగా తెలిసినవాళ్ళు అమెరికా బేస్‌బాల్‌వాళ్ళు. అందులో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. 1974లో టామీ జాన్ అనే పిచర్‌కి ఎడమ మోచేతి లిగమెంట్ తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి ముంజేతిలోని ఒక సన్నటి తాడులాంటి టెండన్ తీసి అక్కడ అమర్చారు. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి మణికట్టు కాస్త వంచండి, మధ్యలో పైకి తేలేది అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, నుక్సాన్ ఏమీ లేదు. 1975 అంతా ఆయన ఆడలేదు. 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడారు. ఆపరేషన్ తర్వాతే 164 విజయాలు ఆయన ఖాతాలో పడ్డాయి. ఇప్పుడా ఆపరేషన్‌ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

అక్కడివాళ్ళు పిల్లల కోసం ఒక లెక్క కూడా పెట్టుకున్నారు. 13, 14 ఏళ్ళ పిచర్ రోజుకి 95 బంతులు మించకూడదు. 66 చేరితే నాలుగు రోజులు ఆరామ్. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీల్లో పిచింగ్ బంద్.

మావాడికి కత్తీ పడలేదు, కట్టూ పడలేదు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకి వేసేది. వీడిది రోజూ కొంచెం కొంచెంగా పడిన దెబ్బ. ఆరు వారాలు విసరడం పూర్తిగా ఆపమన్నారు. నొప్పి పోయాక భుజానికీ నడుముకీ కసరత్తు, ఆ తర్వాత దగ్గర్నుంచి కొన్ని బంతులు, వారవారం కాస్త దూరం.

వాడు ఏడ్చాడు. "సిరాజ్ భాయ్ ఇలా ఆగుతాడా మామూ?" అన్నాడు. నిజమే, 2025లో ఇంగ్లండ్‌లో మన హైదరాబాద్ సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 1113 బంతులు వేశాడు. అదే సిరీస్‌లో బుమ్రా ఒంటిమీద భారం లెక్కేసి మూడు టెస్టులే ఆడించారు. "వాళ్ళ బంతులు లెక్కపెట్టడానికి మనుషులున్నారు బేటా, నీవి నీకే తెలీదు" అన్నాను.

అందుకే తల్లిదండ్రులకి నా గుజారిష్. విసిరాక మోచేతి లోపల గానీ భుజంలో గానీ నొప్పి ఉండిపోతే, చేయి పూర్తిగా చాచలేకపోతే, చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే డాక్టర్‌కి చూపించండి. బిళ్ళ వేసి మ్యాచ్‌కి పంపకండి. నొప్పి తెలీక ఇంకో వంద విసిరేస్తాడు. ఆటే వద్దని తిట్టకండి. తిడితే ఈసారి నొప్పొచ్చినా మీకు చెప్పడు.