లండనులో మన హైదరాబాదు విమానం

మా శ్రీరాంపూరు బొగ్గుగనుల ఊరు. ఇటువంటి ఊరికీ, మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీపై బాంబులు వేసిన ఒక విమానదళానికీ సంబంధమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. లండనులోని హెండన్ వైమానిక ప్రదర్శనశాలకు వెళితే ఆ సంబంధం తెలుస్తుంది.

అక్కడ ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలున్న పాత విమానం ఉన్నది. వెంట వచ్చిన మా అన్నగారి అబ్బాయి దాని చరిత్ర చదివి, "చిన్నాయనా, ఇది మన హైదరాబాదుదే!" అన్నాడు. నిజమే. అది నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో సమకూడిన విమానం.

110వ దళం 1917 నవంబరు 1న ఇంగ్లండులో ఏర్పడింది. నిజాం దానికి డి.హెచ్. 9ఎ విమానాలు బహూకరించాడు. దళానికి 'హైదరాబాదు' పేరు స్థిరపడింది. 400 గుర్రాల శక్తి గల ఇంజను, నడిపేవాడొకడు, వెనుక మరతుపాకి పట్టేవాడొకడు. 1918 సెప్టెంబరు నుంచి వీరు పట్టపగలే జర్మనీ లోపలి పట్టణాలపైకి వెళ్ళేవారు. రెండవ యుద్ధంలోని భారీ బాంబర్లు తొక్కిన దారికి ఇది తొలి అడుగు. ఆ అడుగుకు మూల్యం కూడా భారీయే. అక్టోబరు 21న ఒక్కరోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు. మరి మూడు వారాలకు యుద్ధమే ముగిసింది.

హెండన్‌లోని విమానం అక్టోబరు 5న శత్రువులకు చిక్కింది. ఇంగ్లిస్, బాడ్లీ అనే ఇద్దరు యువకులు బందీలయ్యారు. విమానాన్ని బెర్లినులో ప్రదర్శనకు పెట్టారు. రెండవ యుద్ధంలో బెర్లినుపై బాంబులు పడుతుంటే దాన్ని పోలండుకు తరలించారు. బాంబులు వేసిన విమానమే బాంబులకు వెరచి తలదాచుకోవలసి వచ్చింది! 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి ఆంగ్లేయులు దీన్ని తిరిగి తెచ్చుకున్నారు.

ఏ ప్రభువు ఖజానా అయినా నిండేది రైతు కట్టిన శిస్తుతోనే. ఈ విమానాలు జర్మనీ మీద ఎగిరిననాటికి మా గోదావరి తీరానికి రైలు కూడా రాలేదు. కాజీపేట-బల్హార్షా మార్గం పూర్తయింది 1929 ప్రాంతంలో. ఎడ్లబండి కదలని వానాకాలపు బురదలో నడిచి శిస్తు కట్టినవారికి తమ డబ్బు ఆకాశంలో ఎగురుతున్నదని ఎవరు చెప్పి ఉంటారు? దాత పేరు విమానానికి దక్కింది; వారి పేరు ఎక్కడా లేదు.

లండను వెళ్ళే మనవారు కాలిండేల్ స్టేషనులో దిగితే ప్రదర్శనశాలకు నడిచి పోవచ్చు. ప్రవేశ రుసుము లేదు. మన పెద్దలు దాని ఖరీదు ఎప్పుడో చెల్లించారు.