మందగించిన యంత్రం

రాయపూర్‌కు ఉత్తరాన ఉన్న ధర్సీవాలో వేసవి మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చెంతనే ఉన్న సిల్తరా ఇనుము, ఉక్కు కర్మాగారాల నల్లని ధూళి, తలుపులు మూసినా ఇళ్లలోకి చొరబడుతుంది. అటువంటి ఇంట్లో ల్యాప్‌టాప్‌ను పరుపుపై ఉంచి ఆటకు కూర్చున్న యువకునికి, అర్ధగంటలోనే తెరపై బొమ్మలు తడబడతాయి. యంత్రం చెడిందని, అమ్మివేయాలని అతడు తలపోస్తాడు.

కాని అది చెడిపోవడం కాదు, ఆత్మరక్షణ. గ్రాఫిక్స్ చిప్ వేడి 85 డిగ్రీల ప్రాంతానికి చేరగానే, అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 2001లో జరిగిన ఒక ప్రసిద్ధ పరీక్షలో, నడుస్తున్న ప్రాసెసర్లపై నుండి వేడిని లాగే లోహపు దిమ్మెను తొలగించారు. ఈ గుణమున్న పెంటియం 4 మందగించి బ్రతికింది. ఆథ్లాన్ పొగలు గక్కి కాలిపోయింది.

కనుక యంత్రాన్ని గట్టి బల్లపై, వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉంచాలి. ఆటలో సెకనుకు చూపే దృశ్యాల సంఖ్యను 60కి పరిమితం చేయాలి. ఫ్యానులోని దుమ్మును తరచు తీయించాలి.

అలా తీసిన నల్లని పొడిని ఒక్క క్షణం పరికించడం మంచిది. ఆ ఇంటివారు పీల్చేదీ ఆ గాలినే; ఊపిరితిత్తులను మాత్రం విప్పి తుడవడం ఎవరి తరమూ కాదు.