గోడ మీద సుద్దగీత

ఓమ్ సూత్రం మీద పది మార్కుల ప్రశ్నకు పదీ తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ సూత్రం నిజంగా తలకెక్కడానికి మాత్రం ఒక ఎద్దు మోకాలు చెక్కుకుపోవలసి వచ్చింది. ఈ సంగతి చెప్పుకోడానికి ఇన్నేళ్లూ సిగ్గుపడ్డాను. సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. కవిత్వం చేతకాదు కనుక ఇది రాస్తున్నాను.

1996 దీపావళి సెలవులు. మా చిన్నాయన కల్యాణదుర్గం రోడ్డు పక్క పల్లెల్లో చెనిక్కాయలు కొని, పాత జీపులో అనంతపురం చేర్చేవాడు. ఆ జీపు లైట్లు వేస్తే రోడ్డు కనపడేది కాదు గానీ, లైట్లు వెలుగుతున్నాయన్న సంగతి మాత్రం కనపడేది. "అంత ఫిజిక్సు చదువుతాండావు, ఈ లైట్ల సంగతేందో చూడరాదా?" అన్నాడు. ఆ మాట పడ్డాక వెనక్కి తగ్గే డిగ్రీ విద్యార్థి ఉంటాడా?

క్లాక్ టవర్ దగ్గర రెండు హాలోజన్ బల్బులు కొన్నాను. బండికి ఉన్నవి 60/55 వాట్లవి, నేను తెచ్చినవి 100/90. ఎక్కువ వాట్లు, ఎక్కువ వెలుగు. ఇంతకన్నా తేలిక లెక్క ఏముంది! రింగు ఊడదీయడానికి కనపడిన ప్రతి స్క్రూనూ తిప్పాను. అందులో రెండు రింగును పట్టుకునేవి కావు. ఒకటి వెలుగును పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకూ జరిపేది. అది నాకు తెలియదు. బల్బు గాజును వేళ్లతోనే పట్టుకున్నాను (జిడ్డు అంటిన చోట హాలోజన్ గాజు వేడెక్కి తొందరగా పోతుంది, శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి). ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలన్న ఇంగితం కూడా లేకపోయింది.

ఆ రాత్రి ఆత్మకూరు దాటినాక రోడ్డు పట్టపగలే అయింది. చిన్నాయన మురిసిపోయాడు. ఎదురుగా చెనిక్కాయ కట్టె వేసుకున్న ఎద్దులబండి వచ్చింది. డిమ్ కొట్టాను. ఆ డిమ్ కూడా ఎద్దుల కండ్లలోకే పోతోందని జీపులో కూర్చున్నవాడికి ఎట్లా తెలుస్తుంది? ఎద్దులు బెదిరి పక్కకు లాగాయి. ఒక చక్రం కాలవలోకి దిగి బండి ఒరిగిపోయింది. మేము పరుగెత్తేసరికి బండాయన తన ఒళ్లు చూసుకోకుండా ఎద్దు మోకాలు తడుముతున్నాడు. నెత్తురు కారుతోంది.

"మీకు దోవ కనపడితే సాల్నా అప్పా? మాకు అక్కర్లేదా?" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కరువు నేలలో ఎద్దంటే ఏమిటో మన జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

తిరిగి జీపెక్కితే డాష్‌బోర్డు కింద వైరు కాలిన వాసన. స్విచ్చి ముట్టుకుంటే చురుక్కుమంది.

మర్నాడు చిన్నాయన ఒక ముసలి వైరింగు మేస్త్రీని పిలిపించాడు. "ముందర కొలిచినావా నాయనా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. పాత బల్బులే మళ్లీ పెట్టించి, లైట్లు వేయించి మీటరు ఆనించాడు. బ్యాటరీ దగ్గర 12.4 ఓల్టులు, బల్బు దగ్గర పదిన్నర. "నడిమధ్య రెండు ఓల్టులు యాడికి పాయ?" పాత వైరూ, అరిగిన స్విచ్చీ, తుప్పుపట్టిన ఎర్తూ కలిసి తినేశాయి. ఓల్టేజి పదో వంతు తగ్గితే ఇలాంటి బల్బు వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. అంటే మా జీపుకు కొత్త బల్బులే అక్కర్లేదు! నేనేమో రెండు లైట్లకూ కలిపి 10 ఆంపియర్లు మోసే తీగలోకి 16కు పైగా తోలాను. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని పరీక్షలో రాసినవాణ్ణే. దాదాపు మూడింతల వేడి అన్నమాట.

పని నా చేతే చేయించాడు మేస్త్రీ. బ్యాటరీ నుంచి లావు వైరు, జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడినుంచి రిలే 30వ నంబరు కాలికి, 87 నుంచి బల్బుకు. పాత స్విచ్చి వైరు 86కు, 85 ఎర్తుకు. ఇక స్విచ్చి మోసేది రిలేను లేపే కాస్త కరెంటే. డిమ్ముకొకటి, బ్రైటుకొకటి, రెండు రిలేలు. వైరు రేకులోంచి దూరేచోట రబ్బరు బుష్షు పెట్టకపోతే గతుకులకు రేకు అంచు దాన్ని కోసేస్తుంది. ఎర్తు పట్టేచోట ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దించాడు.

సాయంత్రం గోదాము గోడకు 25 అడుగుల దూరంలో, చదునైన చోట, చక్రాల్లో గాలి సరిచూసి జీపు నిలిపాం. నేల నుంచి లైటు నడిమికి ఉన్న ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దగీత గీశాను. దానికి మూడంగుళాల కింద ఇంకో గీత. డిమ్ వెలుగు పై అంచు ఆ కింది గీతకు ఆనాలి. నేను తిప్పిన స్క్రూల పుణ్యాన అది పై గీతకు అడుగెత్తున ఉంది! దించాను. మేస్త్రీ తృప్తిపడలేదు. "మూటలు ఎక్కించండి" అన్నాడు. వెనక ఆరు మూటలు పడగానే జీపు మూతి లేచింది, వెలుగూ లేచింది. ముందటి రాత్రి కూడా వెనక మూటలున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ దించాను.

ఎద్దు వైద్యానికీ చక్రానికీ అయిన డబ్బు చిన్నాయన ఇచ్చి, నా మెస్ బిల్లులో కోసుకున్నాడు. వారం తర్వాత బండాయన ఊరికి పోయి ఎద్దును చూసివచ్చాను. ఇంకా కుంటుతూనే ఉంది. ఆయన నాకు మజ్జిగ ఇచ్చాడు. ఆ మజ్జిగ గొంతు దిగడం కష్టమైంది.

మొన్న దసరాకు చిన్నాయన మనవడు తన బుల్లెట్టుకు తెల్లటి ఎల్‌ఈడీ బల్బు తెచ్చాడు. "రాత్రి చూడు పెద్దనాయనా, పగలే!" అన్నాడు. ఎల్‌ఈడీకి కరెంటు తక్కువే చాలు, వైరు కాలే బాధ లేదు. చిక్కల్లా లైటు లోపలి అద్దంతోనే. హాలోజన్ కోసం చేసిన ఆ అద్దపు వంపు, ఫిలమెంటు వెలిగే ఒక్క చోటును లెక్కపెట్టుకుని తీర్చింది. వెలుగు ఆ చోట పుట్టకపోతే ఎటుపడితే అటు చిమ్ముతుంది. కంపెనీయే ఎల్‌ఈడీ అమర్చిన బండ్లలో ఆ ఏర్పాటే వేరు. కంపెనీ రీతికి భిన్నంగా బండిని మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆంక్ష కూడా ఉంది. ఇదంతా చెబితే వాడు ఆవులించాడు.

అదే గోడ దగ్గరికి తీసుకుపోయాను. పాత గీత సున్నం కింద ఎప్పుడో పోయింది. కొత్తగా గీసి, వాణ్ణే ఎక్కించి కూర్చోబెట్టి లైటు వేయించాను. వెలుగు గీతను దాటి చూరుదాకా చిమ్మింది.

"ఎదురొచ్చే కార్లోళ్లంతా ఏసుకోలేదా? నేనొక్కణ్ణి తీసేస్తే ఏమొస్తాది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఎద్దు సంగతి చెప్పాను. బల్బు విప్పి డబ్బాలో పెట్టాడు గానీ, ఇంతవరకూ నాతో సరిగా మాట్లాడటం లేదు.