కాలింపాంగ్‌లో కుండీలు పగిలే కాలం

సిలిగురిలో షేర్ జీపు ఎక్కితే చాలాదూరం తీస్తా నది మన పక్కనే వస్తుంది. వంతెన దాటాక నది కిందే ఉండిపోతుంది, మనం మలుపులు తిరుగుతూ పైకెక్కుతాం. సుమారు 1,250 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాలింపాంగ్. డార్జిలింగ్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఈ ఊరిని ఒక్క పూటలో చుట్టేస్తారు. మొక్కల పిచ్చి ఉంటే మాత్రం రెండు రోజులు ఉండండి. ఇక్కడ పూల నర్సరీలు ఎక్కువ. ఆర్కిడ్‌ని నేపాలీలో ‘సునాఖరి’ అంటారు.

సింబిడియం పూలు చూడాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లాలి. నేను వెళ్లింది ఏప్రిల్‌లో. ఇన్‌స్టాకి పెద్దగా ఏమీ దొరకదు గానీ, నేర్చుకోవడానికి అదే అసలు సీజన్. పూత అయిపోయాక, కొత్త వేళ్లు జోరందుకునే ముందు కుండీలు మారుస్తారు.

ఓ చిన్న నర్సరీలో దీదీ ఒకావిడ నేల మీద కూర్చుని అదే పనిలో ఉన్నారు. ఆవిడ ముందున్న ప్లాస్టిక్ కుండీ పక్కలు ఉబ్బిపోయాయి. వేళ్లు అడుగు చిల్లుల్లోంచి, పై అంచు మీదుగా బయటికొచ్చేశాయి. “పాపం, ఊపిరాడట్లేదేమో” అన్నాను హిందీలో. ఆవిడ నవ్వారు. “ఇరుకు దీనికి ఇష్టమే బహినీ. దీన్ని చంపేది కుళ్లు.”

అసలు విషయం అదే. చాలా ఆర్కిడ్లు అడవిలో చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. అలాగని బదనికలు కావు. బదనిక చెట్టులోకి వేరు దించి నీళ్లు లాగేస్తుంది. ఆర్కిడ్ కొమ్మని పట్టుకుని కూర్చుంటుంది, అంతే. దాని వేరు చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది. వాన పడితే పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరాలి. కుండీలో వేసిన బెరడు ముక్కలు రెండు మూడేళ్లకి చివికి మెత్తటి మట్టిలా అయిపోతాయి. అప్పుడిక గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది. కుండీ మార్చేది అందుకే.

దీదీ ముందురోజే నీళ్లు పోశారట, తడి వేళ్లు వంగుతాయి, విరగవు. కుండీని కత్తితో చీల్చి, ముద్దని చేత్తో మెల్లగా విడదీశారు, చిక్కుపడ్డ జడ విప్పినట్టు. గట్టిగా, తెల్లగా ఉన్న వేళ్లని ఉంచారు. నొక్కితే మెత్తబడి, లాగితే పైపొర ఊడి దారం మిగిలేవాటిని కోసేశారు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వెళ్లేముందు కత్తిని మంటలో కాల్చారు. లేకపోతే వైరస్ పాకుతుంది. మొక్క మొదట్లో ఉల్లిగడ్డల్లా ఉండే దుంపలు కనీసం మూడైనా ఉండేలా, కొత్త పిలక ఉన్న భాగాలుగా విడగొట్టారు. కొత్త కుండీ మాత్రం పెద్దది కాదు, రెండేళ్ల పెరుగుదలకి సరిపడేంతే. పెద్ద కుండీలో తడి ఆరదు.

ఆకులు రాలిన ముసలి దుంపల్ని పారేయలేదు. విడిగా తడి నాచులో పెట్టారు. వాటిలో కొన్ని మొలకెత్తుతాయి, పూయడానికి మాత్రం కొన్నేళ్లు పడుతుంది. ఒక్క కుండీ నాలుగైదు అయిందంటే, అడవికెళ్లి పీక్కురావాల్సిన పని లేదు.

నాకూ ఒకటి కావాలన్నాను. “ఏ ఊరు?” అని అడిగారు. హైదరాబాద్ అన్నాను. ఆవిడ కుండీ వెనక్కి పెట్టేశారు. సింబిడియంకి మొగ్గ తొడగాలంటే చల్లటి రాత్రులు కావాలి. “మీ ఎండలో ఆకులుంటాయి, పూలుండవు. డెండ్రోబియం కొనుక్కో, మీ ఊళ్లోనే” అన్నారు. అమ్ముకోవాల్సిన మనిషే వద్దని చెప్పారు!

డెండ్రోబియంలలోనూ చలి కొండలవి ఉన్నాయి. మన ఎండకి పనికొచ్చేవి నర్సరీల్లో దొరికే వేడి ప్రాంతాల హైబ్రిడ్లు. అన్నట్టు, మన తెలుగు నేల మీద మామిడి కొమ్మల్ని పట్టుకుని పెరిగే వాండా కూడా ఆర్కిడే. కనిపిస్తే పీకకండి, ఫొటో తీసుకోండి. మీ బాల్కనీలో ఆర్కిడ్ వేళ్లు కుండీ దాటి గాల్లోకి వస్తున్నాయా? కంగారుపడి కత్తెర తీయకండి. లోపల బెరడు ఇంకా గట్టిగా ఉంటే, దాన్నలా వదిలేయండి.