మూడోసారి కనబడితే

తెనాలి దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయం తలుపు తీసేసరికే ఈనాడు కోసం నలుగురైదుగురు అరుగు మీద కాచుకుని ఉండేవారు. పావుగంటలో ఆ పేపరు షీట్లు షీట్లుగా విడిపోయి సినిమా పేజీ ఒకరి చేతిలో, జిల్లా పేజీ ఇంకొకరి చేతిలో తేలేది. హిందూ మాత్రం వేసిన మడత వేసినట్టే బల్ల మీద పడి ఉండేది. పదో తరగతి సెలవుల్లో నేను దాని జోలికి వెళ్లింది ఇంగ్లీషు మీద ప్రేమతో కాదు, వంతు కోసం కూర్చునే ఓపిక లేక. పైగా క్రికెట్ స్కోర్లు అందులో వివరంగా ఉండేవి.

చంకలో శంకరనారాయణ డిక్షనరీతో వెళ్లేవాణ్ణి. లైబ్రేరియన్ మాస్టారు రెండు రోజులు చూసి, మూడో రోజు పుస్తకం లాక్కున్నారు. "ఏరా, మాట కనబడగానే దాని గోత్రం అడుగుతావేంటి? మూడుసార్లు ఎదురుపడనీ. అప్పటికీ తెలియకపోతే అప్పుడు చూసుకో."

నేను వినలేదు. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని రోజుకు పది మాటల చొప్పున ఎక్కించాను. అందులో మొదటి పేజీలోనే 'అబ్‌స్ట్రెపరస్' ఉండేది. దాన్ని ఇవాళ్టిదాకా ఎవరి మీదా వాడే అవకాశం రాలేదు. నోటుబుక్కు ఎక్కకుండానే వచ్చి కూర్చున్నవి వేరే ఉన్నాయి. బస్సు లారీని గుద్దితే 'ర్యామ్డ్'. డ్రైవరు పారిపోతే 'అబ్‌స్కాండింగ్'. బ్యాంకు దోచినవాళ్లు 'మిస్క్రియెంట్స్'. వార్త ఒక్కరోజుతో పోదు కదా. బంద్ అయినా, విచారణ సంఘమైనా పదిరోజులు సాగుతుంది, దాన్ని మోస్తున్న మాట కూడా రోజూ గుమ్మంలోకి వస్తుంది. ఇవాళ మంత్రి నోట, రేపు ప్రతిపక్షం నోట, ఎల్లుండి సంపాదకీయంలో. పాలవాడి మొహం గుర్తుపెట్టుకోవడానికి ఎవరూ కష్టపడరు.

ఈ సరుకంతా మూటగట్టుకుని 2011లో మెల్‌బోర్న్‌లో దిగాను. ఆరు నెలలు తిరక్కుండా ఒక రాత్రి కారు అద్దం పగలగొట్టారు. పోలీసులకు ఫోన్ చేసి, హిందూ విలేఖరికి తీసిపోని భాషలో, 'అన్‌ఐడెంటిఫైడ్ మిస్క్రియెంట్స్' అన్నాను. అవతల ఆవిడ కాసేపు ఆగింది. "వాళ్లు మీకు తెలిసినవాళ్లా?" అని అడిగింది. అదేదో ముఠా పేరనుకుంది పాపం.

అంతకన్నా పెద్ద దెబ్బ ఆఫీసులో తగిలింది. ఫుట్‌బాల్ సీజన్ మొదలైన వారం, పక్క సీటతను "నువ్వు ఎవరికి బ్యారక్ చేస్తావు?" అన్నాడు. బ్యారకింగ్ అంటే బౌండరీ దగ్గర ఫీల్డర్‌ను జనం గేలి చేయడమని క్రీడల పేజీలో చదివినవాణ్ణి. "అయ్యో, నేనెవర్నీ ఎగతాళి చేయను" అన్నాను. ఆస్ట్రేలియాలో ఆ మాటకు అర్థం తలకిందులు, మన జట్టును వెనకేసుకు రావడమట! నేను ఎవరినీ వెనకేసుకు రాననే సంగతి ఆఫీసంతా పాకింది.

అప్పుడు కొన్నాను 'ది ఏజ్'. 1854 నుంచి వస్తున్న పేపరు. పొద్దున రైల్లో అది, సాయంత్రం స్టేషన్లో ఉచితంగా పంచే 'ఎమ్‌ఎక్స్' (2015లో ఆపేశారు). మొదటి వారం స్కోరుబోర్డే అర్థం కాలేదు. 4/156 అని ఉంది. నాలుగు పరుగులకు నూటయాభై ఆరు వికెట్లా? వీళ్లు వికెట్లు ముందు రాస్తారు.

ఈసారి మాస్టారి మాట విన్నాను. 'స్టౌష్' మూడోసారికి తేలిపోయింది, తగవు. 'స్ప్రూక్' అంటే మన ఊదరగొట్టడమే. 'రోర్ట్' కొంచెం సతాయించింది, తెలిసీ తెలియనట్టు చాలాకాలం ఉండిపోయింది. 2020 మొదట్లో క్రీడా సంఘాల గ్రాంట్ల గొడవ 'స్పోర్ట్స్ రోర్ట్స్' పేరుతో వారాల తరబడి నడిచి, ఒక మంత్రి రాజీనామా దాకా వెళ్లేసరికి దాని రంగూ రుచీ అన్నీ పట్టుబడ్డాయి. దొరికితే తప్పు, దొరక్కపోతే తెలివి అనే తరహా కైంకర్యం అది.

నాకు బాగా నచ్చింది 'ఫర్ఫీ'. ఉత్తుత్తి పుకారు అని అర్థం. విక్టోరియాలోనే షెపర్టన్ అనే ఊళ్లో ఫర్ఫీ కుటుంబం నీళ్లబళ్లు తయారుచేసేది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సైనిక శిబిరాల్లో ఆ బళ్ల చుట్టూ మూగి సిపాయిలు చెప్పుకున్న కబుర్లకు, బండి మీద రాసి ఉన్న పేరే పేరైపోయింది. మా ఊరి మంచినీళ్ల బావి దగ్గర ఇంతకు పదింతలు పుట్టేవి. వాటికి పేరు పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నేనూ ఫోన్లోనే చదువుతున్నాను. మాట మీద వేలు పెడితే అర్థం వచ్చేస్తుంది, వేలు తీసేలోపు పోతుంది.

2021 సెప్టెంబరులో, ఆరో లాక్‌డౌన్‌లో మగ్గుతూ ఉండగా ఒక వార్త కనబడింది. ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్ అనే చిన్న జంతువు, అడవిలో అంతరించిపోయిన వాటి జాబితా నుంచి బయటపడి, ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోకి మారిందట. ముప్ఫై ఏళ్లకు పైగా పట్టిన కష్టం. మా టార్నీట్‌కు కూతవేటు దూరంలోని వెరిబీ జూలో కూడా వాటిని సాకారు. పొడుగు ముక్కు, వీపు చివర చారలు, కంగారూ లాగే పిల్లల్ని దాచుకునే సంచి. బ్యాండికూట్! ఇక్కడ డిక్షనరీ అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు మన పందికొక్కును పలకబోతే నోరు తిరగక వచ్చిన మాట అది. ఇక్కడికొచ్చాక, ముక్కు చూసి కాబోలు, ఏ సంబంధమూ లేని ఈ జంతువుకు అదే పేరు తగిలించారు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్లో చెప్పాను. ఇక్కడ పందికొక్కుల్ని ప్రభుత్వం పెంచుతోందని, చుట్టూ కంచె వేసి, కుక్కల్ని కాపలా పెట్టి మరీ చూసుకుంటున్నారని.

"నిజంగానా?" అంది అమ్మ. "అయితే మన గడ్డివాము కింద ఓ డజను ఉన్నాయి, వచ్చి పట్టుకుపొమ్మను."